స్ప్రింగు బల్ల మీద మోట మనిషి

1964. నల్లగొండలో నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండలేదు. దవాఖాన వరండా చివర, అంతకుముందు కంబళ్లు దాచిన గదిని నాకిచ్చారు. తలుపు మీద ఫిజియోథెరపీ అని రాయించారు గానీ ఆ మాట చదివేవాళ్లు తక్కువ, చదివినా అర్థమయ్యేవాళ్లు ఇంకా తక్కువ. రోగుల నోట నేను కాళ్లు గుంజే అమ్మను. మందియ్యదు, సూది వెయ్యదు, నొప్పి ఉన్నచోటే పట్టుకుని ఇంకా కదుపు అంటుంది, ఇదేం వైద్యమో అని నా ముందే అనుకునేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. భయం వేసేది. వాళ్లన్నదే నిజమేమోనని భయం. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని, రైలు వేళకు రాకపోతేనే గుండెలు బాదుకునే ఇంట్లో పుట్టినదాన్ని. ఆ గుణం ఎక్కడికి పోతుంది?

ఆ గదిలో నాకున్న ఆస్తి అల్లా ఒక బల్ల. చదువుకునేటప్పుడు మద్రాసులో పోలియో పిల్లల కోసం వాడే బల్లను చూశాను. దాన్ని గుర్తుపెట్టుకుని వడ్రంగి చేత, కమ్మరి చేత ఇక్కడ చేయించాను. పొడవాటి ఇనుప చట్రం, దాని మీద చక్రాలతో జారే పలక. పలకకూ చట్రానికీ మధ్య స్ప్రింగులు. దవాఖానలో మూలపడ్డ పాత ఇనుప మంచాలవే ఆ స్ప్రింగులు. రోగి పలక మీద వెల్లకిలా పడుకుని, పాదాలు అడ్డకడ్డీకి ఆనించి తంతే పలక వెనక్కి జారుతుంది, స్ప్రింగులు సాగుతాయి. తర్వాత అవి మనిషిని మళ్లీ లోపలికి లాగుతాయి. నిలబడలేని మనిషి కూడా పడుకుని కాళ్లకు బలం తెచ్చుకోవచ్చు. ఒంటి బరువు కీలు మీద పడదు. బలం పెరిగిన కొద్దీ ఒక్కో స్ప్రింగు తగిలిస్తూ పోవచ్చు. తుంటి, నడుము, పొట్ట కండరాలు కూడా వాటంతట అవే పనిలోకి వస్తాయి. ఈమధ్య మా మనవరాలు వ్యాయామానికి వెళ్లే అద్దాల గదిలో ఇలాంటిదే చూశాను, రిఫార్మర్ అంటారట. నా బల్ల దానికి పేదింటి చుట్టం. నల్లగొండలో దాన్ని గుంజుడు బల్ల అనేవాళ్లు.

సాయిలు ఆ బల్ల దగ్గరికి వచ్చింది ఎండలు మొదలయ్యే రోజుల్లో. దేవరకొండ దారిలో రోడ్డుకు కొంచెం లోపలున్న పల్లె అతనిది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉండేవాడు. పాలివాళ్లతో కలిసిన బావి కింద మిరప తోట, ఒక జత ఎద్దులు, భార్య లచ్చమ్మ, అదీ సంసారం. ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట కొడుతుంటే తాడు తెగి రాళ్ల మీద పడ్డాడు. కుడి మోకాలి చిప్ప పెంకులైంది. ముక్కలు కూడవని పెద్ద డాక్టరుగారు ఆపరేషన్ చేసి చిప్పను తీసేశారు. పట్టీ విప్పేసరికి తొడ సగానికి సగం చిక్కిపోయింది. చిప్ప లేకపోయినా మనిషి నడవగలడు. కాకపోతే తొడ ముందు కండరం, మేం క్వాడ్రిసెప్స్ అంటాం, అది మునుపటికంటే ఎక్కువ చాకిరీ చెయ్యాలి. దాన్ని ఆ చాకిరీకి తయారు చెయ్యడమే నా పని.

మొదటి రోజు బల్లను చుట్టూ తిరిగి చూశాడు. "గిది నన్ను గుంజుతదా, నేను దీన్ని గుంజాల్నా?"

"నువ్వు తన్నాలె, అది గుంజుతది. అది గుంజేటప్పుడు నువ్వు ఆపుకుంట రావాలె" అన్నాను.

"మోట లెక్కనే ఉన్నదమ్మా" అని నవ్వి ఎక్కి పడుకున్నాడు. నేనూ నవ్వాను. మోట అంటే నాకు తెలిసింది బస్సు కిటికీలోంచి కనబడినంతే. బావి గట్టు మీద గిరక, తోలు బొక్కెన, వాలుగా తవ్విన దారిలో కిందికీ పైకీ నడిచే ఎద్దులు.

కష్టపడడంలో సాయిలుకు వంక పెట్టలేం. చెమటలు కారేదాకా తన్నేవాడు. కొద్ది రోజుల్లోనే తొడ నిండడం మొదలైంది, కర్ర పట్టుకుని నడిచాడు, వరండా మెట్లు ఎక్కాడు. నాకు నిద్ర బాగా పట్టిన రోజులు అవే. ఆ తర్వాత ఒక పొద్దున ఎక్కిన మెట్లు దిగబోయాడు. రెండో మెట్టు మీద మోకాలు ఒక్కసారిగా మడతపడింది. స్తంభం పట్టుకున్నాడు గాబట్టి సరిపోయింది. మళ్లీ దిగమన్నాను, మళ్లీ మడతపడింది. సాయంత్రానికి మోకాలు వాచింది.

ఎక్కగలడు, దిగలేడు. బల్ల మీదా అంతే. తన్నడం బ్రహ్మాండంగా తన్నేవాడు. స్ప్రింగులు వెనక్కి లాగే వేళకు కాలు వదిలేసేవాడు, పలక వచ్చి చట్రానికి ధన్‌మని కొట్టుకునేది. దెబ్బ దెబ్బకూ మోకాలు అదిరేది. పైగా, ఆ వచ్చేటప్పుడు సన్నగా రాగం తీసేవాడు. తన్నేటప్పుడు నోరు మెదపడు, వచ్చేటప్పుడు పాట.

"సాయిలన్నా, నిదానంగ రా."

"నిదానంగనే చేస్తున్ననమ్మా" అనేవాడు. నిజంగానే మరింత నిదానంగా తన్నేవాడు. రావడం మాత్రం ధన్.

"ఎందుకు ఇడుస్తున్నవ్?"

"ఇడుస్తలేనమ్మా. అదే వస్తాంది."

అబద్ధం చెప్పే మొహం కాదది. అక్కడే నా ప్రాణం కొట్టుకునేది. చేతగాక వదిలేస్తున్నాడా, చేతనయ్యీ వదిలేస్తున్నాడా? మా వృత్తిలో ఈ రెంటికీ పగలూ రాత్రికీ ఉన్నంత తేడా. బరువును ఆపుకుంటూ, కండరం సాగుతూ పనిచెయ్యడాన్ని మేం ఎక్సెంట్రిక్ అంటాం. మెట్టు దిగినా, గట్టు దిగినా, గొంతుక్కూర్చున్నా పనికొచ్చేది అదే. ఆ శక్తే అతని కండరంలో లేకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. స్ప్రింగులు తగ్గించి చూశాను, పెంచి చూశాను. వాపు తగ్గేదాకా ఆపి మళ్లీ మొదలుపెట్టించాను. తన్నినప్పుడు రాయిలా ఉండే తొడ, వచ్చేటప్పుడు నా అరచేతి కింద మెత్తబడిపోయేది.

పెద్ద డాక్టరుగారు ఒకరోజు గదిలోకి వచ్చి చూశారు. గుంటూరు వైపు మనిషి, మాట పొదుపు. "ఏమ్మా, నీ బల్ల ఏమంటోంది?"

"ఇంకొంచెం టైమిస్తే సార్..."

"దిగేటప్పుడు పడితే తొడ ఎముకే విరుగుతుంది. వచ్చే నెల మొదట్లో హైదరాబాదు నుంచి కొలతలు తీసుకునేవాడు వస్తున్నాడు. అప్పటికి మెట్లు దిగకపోతే కాలిపర్ వేయిద్దాం" అన్నారు.

ఆయన అన్నది అన్యాయమేం కాదు. కాలిపర్ అంటే తొడ నుంచి బూటు దాకా కాలికి రెండు వైపులా ఇనుప కడ్డీలు, మోకాలి దగ్గర తాళం. వేసుకుంటే మనిషి పడడు. కాలు మాత్రం కర్రలా నిలువునా ఉండిపోతుంది. ఆ మాట సాయిలుకు చెప్పే బాధ్యత నా మీదే పడింది.

"ఇనుము ఏసుకొని మోటదారిల ఎట్ల నడుస్తనమ్మా? ఎద్దులు ఆగయి గద మనకోసం" అన్నాడు. "ఇప్పుడు లచ్చమ్మ కొడుతాంది మోట. తెగినకాడ ముడేసిన తాడే అది. కొత్తది కాదు. అది మళ్ల తెగదని ఎవలు చెప్పాలె?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు అతని రంది ఏమిటో. తన కాలి గురించి అతనికున్న భయం ఒక వంతైతే, ఆ తాడు గురించి మూడు వంతులు. తను లేచి వెళ్తేగానీ ఆమె ఆ తాడు వదలదు. నేను బాగుచేస్తేగానీ తను వెళ్లలేడు.

లచ్చమ్మ ప్రతి అంగడి రోజూ, అంటే వారపు సంత రోజున, వచ్చేది, జొన్నరొట్టెలూ ఉల్లికారమూ మూటగట్టుకుని. ఒక అంగడి రోజు రాలేదు. సాయిలు పొద్దంతా వరండా మెట్ల మీద కూర్చుని గేటు వైపే చూశాడు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గేటు బయట ఉన్నాడు, చేతిలో కర్ర, భుజం మీద గొంగడి.

"ఎటు పోతున్నవ్?"

"ఇంటికి. తాడు తెగిందమ్మా. నాకు తెలుస్తాంది."

"ఏదో పని పడి ఉంటది."

"ఏ పని పడ్డా ఆమె రాకుంట ఉండదు" అన్నాడు. నాకూ అదే భయం పట్టుకుంది. ధైర్యం చెప్పాల్సిన మనిషినే నేనూ, నా ధైర్యం సంగతి చెప్పనే చెప్పాను.

మా వ్యాను వారానికోసారి దేవరకొండ వెళ్లేది, ఇళ్లకు పంపేసిన రోగులను అక్కడ చూడడానికి. అదృష్టం బాగుండి అది ఆ రోజే. పెద్ద డాక్టరుగారిని అడిగి సాయిలును ఎక్కించుకున్నాను. వాళ్ల పల్లె దగ్గర వ్యాను ఆగింది. దిగబోతే మోకాలు మడతపడి నా మీద పడ్డాడు. లేచి, నన్ను పట్టించుకోకుండా, చేనుగట్ల వెంట కుంటుకుంటూ నడవసాగాడు. నేను వెనక పరుగెత్తాను.

ముందు గిరక చప్పుడు వినబడింది. కిర్రుమని, ఆగి, మళ్లీ కిర్రుమని. సాయిలు ఆ చప్పుడు విని నిలబడిపోయాడు. చప్పుడు వస్తోందంటే మోట ఆడుతోంది. మోట ఆడుతోందంటే మనిషి ఉంది. కొంచెం ముందుకు పోతే లచ్చమ్మ కనబడింది. కొంగు నడుముకు బిగించి, ఎద్దుల పక్కన వాలు దారిలో కిందికి నడుస్తోంది. బొక్కెన పైకొచ్చి కాలువలోకి నీళ్లు పోసింది. ఎద్దులు వెనక్కి అడుగులేస్తూ గట్టెక్కాయి, ఆమె వాటితోపాటే ఎక్కింది. మళ్లీ కిందికి.

నాకు ఊపిరొచ్చింది. సాయిలు మాత్రం కదలకుండా చూస్తున్నాడు.

"కూసుంటలేదు" అన్నాడు.

"ఏంది?"

"తాడు మీద కూసుంటలేదమ్మా."

"తాడు మీద కూసునుడేంది?"

నా మొహంలోకి విచిత్రంగా చూశాడు, అదీ తెలియదా అన్నట్టు. "పోంగ తాడు మీద కూసుంటం గద. మన బరువు పడితె ఎద్దులకు జర అల్కగైతది. గప్పుడే పాట. రాంగ గట్టెక్కుకుంట నడుస్తం. ఎక్కుడు మన కష్టం, దిగుడు ఎద్దుల కష్టం. నేను కూసున్నప్పుడే గద తెగింది."

చిన్నప్పటి నుంచీ ఈ మనిషి కాళ్లు పనిలో ఎక్కడమే ఎక్కాయి. దిగడమంటే తాడు మీద కూర్చోవడం, ఒళ్లు వదిలెయ్యడం, రాగం తియ్యడం. నా బల్ల మీద తన్నడం అతనికి గట్టెక్కడం. స్ప్రింగులు లాగడం ఎద్దులు దిగడం. వదిలేస్తున్నానని అతనికే తెలియదు. అది కూర్చునే వేళ, అంతే.

ఇంతలో లచ్చమ్మ మమ్మల్ని చూసి ఎద్దుల్ని ఆపింది. "ఏందయ్యా, గిట్లొచ్చినవ్? కాలు మంచిగైందా?"

"అంగడికి రాలేదేందే?" అన్నాడు.

"బావి వంతు మారింది. నిన్న, ఇయ్యాల మనకే పడ్డది. నడుసుకుంట కొడితె పొద్దంత పడ్తాంది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీ అయ్య పడ్డకాడికెల్లి నేను కూసుంటలేనమ్మా. ఆ తాడు మీద నాకు పానం పట్టది" అంది. అతని గురించి నాతో చెప్పేటప్పుడు ఎప్పుడూ మీ అయ్య అనే అనేది, నేనేదో అతని కూతుర్నైనట్టు.

"లచ్చమ్మా, మళ్లొక్కసారి దిగు, జర నిమ్మలంగ" అన్నాను. ఆమెకు అర్థం కాకపోయినా ఎద్దుల్ని అదిలించింది. సాయిలు పక్కన నిలబడి చూపించాను. మడమ ముందు ఆనించి, మోకాలు కొద్దిగా వంచి, ఒళ్లు వెనక్కి బిగబట్టుకుని ఒక్కో అడుగే దిగుతోంది. వాలు ఆమెను కిందికి తోస్తోంది, ఆమె తొడలు ఒప్పుకోవడం లేదు.

"సూడు. నా బల్ల మీద నువ్వు వచ్చేటప్పుడు తాడు మీద కూసుంటున్నవ్. లచ్చమ్మ లెక్క నడిసి దిగాలె."

"నేనా? కూసుంటున్ననా?" అన్నాడు. చాలాసేపు ఆమె కాళ్లనే చూశాడు.

లచ్చమ్మ క్షేమమని చూసుకున్నాక, తిరుగు వ్యానులో నాతోపాటే దవాఖానకు వచ్చాడు. అర్థమైతే సరిపోదు గదా. చేతగాకే వదిలేస్తున్నాడేమోనన్న అనుమానం నన్ను ఇంకా వదల్లేదు. మర్నాడు పొద్దున బల్లకు ఒకే ఒక స్ప్రింగు ఉంచి పడుకోబెట్టాను. తన్నాడు. రావడం ధన్. నా గుండె కూడా ధన్‌మంది. ఇంకోసారి అన్నాను. తన్నాడు. తొడ మీద అరచెయ్యి పెట్టి, "ఇప్పుడు ఎద్దులు దిగుతున్నయ్. అది ముడేసిన తాడు. కూసోకు. లచ్చమ్మ ఎంబడి నడువు" అన్నాను.

కళ్లు మూసుకున్నాడు. పాట లేదు. పలక కొంచెం వచ్చి ఆగింది. వణికింది. ఇంకొంచెం వచ్చింది. నా చెయ్యి కింద తొడ గట్టిగా, చివరిదాకా గట్టిగానే ఉంది. పలక వచ్చి చట్రాన్ని ఆనుకుంది, చప్పుడు లేదు. అతని నుదుటి మీద చెమట కణతల్లోకి కారుతోంది.

"అమ్మా, గిదే కష్టమున్నది. తన్నుడు కాదు, దిగుడు కష్టం" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి స్ప్రింగులు సర్దుతున్నట్టు నటించాను. చేతగాక కాదు. ఇంతకాలం నన్ను తినేసిన ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆ తర్వాత పలక కొట్టుకోలేదని చెప్పను, అలవాటు ఊరికే పోదు. రాగం మొదలైతే చాలు, నేను దగ్గేదాన్ని, అతను నాలుక కరుచుకునేవాడు. వాపు మెల్లగా తగ్గింది. స్ప్రింగులు ఒక్కొక్కటే పెరిగాయి. బల్ల మీద వచ్చింది మెట్ల మీదికి తెచ్చాం. ఒక మెట్టు, తర్వాత రెండు, గోడ పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా. అయినా కొలతలు తీసుకునేవాడు వచ్చే రోజు దగ్గరపడుతుంటే నా భయం పెరిగేది. నా ఎదుట దిగడం వేరు, పెద్ద డాక్టరుగారి ఎదుట దిగడం వేరు. ఆయన ముందు ఒక్కసారి మోకాలు మడతపడితే ఇనుమే.

ఆ రోజు వరండాలో ఆయన నిలబడ్డారు, పక్కన టేపు పట్టుకుని హైదరాబాదు మనిషి. సాయిలు మెట్లెక్కాడు, అది అందరూ చూసిందే. తిరిగాడు. మొదటి మెట్టు దిగాడు. రెండో మెట్టు మీద, ఎప్పుడూ మోసం చేసే ఆ మెట్టు మీదే, మోకాలు వణికింది. డాక్టరుగారి చెయ్యి పట్టుకోబోయినట్టు ముందుకొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను, సిగ్గులేకుండా చెప్తున్నాను. తెరిచేసరికి సాయిలు నేల మీద ఉన్నాడు, రెండు కాళ్ల మీదా.

"మళ్లీ" అన్నారు డాక్టరుగారు. మళ్లీ దిగాడు. ఇంకోసారి అన్నారు. ఈసారి వణుకు కూడా లేదు. ఆయన టేపు మనిషికేసి తిరిగి, "కొలతలు కావలసినవాళ్లు ఇంకో వార్డులో ఉన్నారు, పదండి" అన్నారు. రెండడుగులు వేసి ఆగి, "ఏం చేశావమ్మా ఇతన్ని?" అని అడిగారు.

"వచ్చేటప్పుడు కూడా పని చెయ్యమన్నానండి" అన్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేశాను. బల్లలు మారాయి, స్ప్రింగులు మారాయి, పేర్లు మారాయి. మనిషి కండరాలు మారలేదు. బలం పెట్టడం ఎవరికైనా చెప్పకుండానే వస్తుంది. వదలకుండా తిరిగి రావడమే నేర్పాలి, నడుము నొప్పి వాళ్లకైనా, విరిగిన తుంటికైనా, భుజం పట్టేసినవాళ్లకైనా. సాయిలు తర్వాత ఏ రోగి వచ్చినా, ఎక్కడ నొప్పి అని అడిగిన వెంటనే, నువ్వు చేసే పనిలో నీకు విశ్రాంతి ఎక్కడ అని అడిగేదాన్ని. చాలామంది వింతగా చూసేవాళ్లు. జవాబు చెప్పినవాళ్ల కీళ్ల గుట్టు అందులోనే దొరికేది.

ఆ వానాకాలంలో దేవరకొండకు వెళ్లినప్పుడు లచ్చమ్మ కనబడింది, మణికట్టు నొప్పి అని చూపించుకోవడానికి వచ్చింది. నా నాలుక చివర ఉన్నది ఒకే ప్రశ్న. సాయిలు మళ్లీ తాడు మీద కూర్చుంటున్నాడా?

"కూసోడమ్మా" అంది. "కొత్త తాడు పేనించిన. గట్టిదే. కూసోమన్న కూసోడు. నేను కూసుంట అంటె ఊకోడు. ఎద్దులకు అటొకలం ఇటొకలం, ఇద్దరం నడుసుడే."

"పాట కూడ బందు పెట్టిండా?"

లచ్చమ్మ మణికట్టు నా చేతిలోనే ఉంది. రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పాట ఇడుస్తడా? ఇప్పుడు గట్టెక్కంగ పాడ్తడు. దిగంగ మాత్రం నోరు ఇప్పడు, నా కాళ్లే సూసుకుంట దిగుతడు."